కుంకుడు రసం, రేడియో మొహం

పొద్దున్నే ఎవరింట్లోనైనా కుంకుడుకాయలు చితక్కొట్టి వేణ్ణీళ్ళలో వేస్తే ఆ ఘాటు గుమ్మం దాటి వీధిలోకి వస్తుంది. ఆ వాసనకి చాలామందికి పండగ తలంట్లు, మండే కళ్ళు గుర్తొస్తాయి. ఒకప్పుడు విజయవాడ గవర్నర్‌పేట సందుల్లో రేడియో షాపుల అరుగుల మీద కూర్చున్నవాళ్ళకి మాత్రం చెవి విరిగిన పింగాణీ కప్పు గుర్తొస్తుంది. కప్పులో పల్చటి నురగ, పక్కన దూది ఉండలు, పాత పంచె ముక్క, ఆ పక్కన నాబులన్నీ ఊడదీసి వెల్లకిలా పడుకోబెట్టిన వాల్వు సెట్టు, అంటే గాజు బుడ్లతో నడిచే పాత రేడియో.

సోల్డరింగ్ పొగ, వేడెక్కిన వాల్వుల మీద మాడే దుమ్ము ఏ రేడియో షాపులోనైనా ఉండేవే. కుంకుడు రసం వాసన ఆ ఒక్క షాపుదే. అక్కడి పెద్దాయన్ని పని నేర్చుకునే కుర్రాళ్ళూ, సెట్టు తెచ్చినవాళ్ళూ అందరూ గురువుగారనే పిలిచేవారు. రిపేరుకి డబ్బు తీసుకునేవారు గానీ సెట్టు మొహం, అంటే ముందు ప్యానెల్, కడిగినందుకు విడిగా ఏమీ అడిగేవారు కాదు. అది చేయకుండా మాత్రం సెట్టు ఇంటికి పంపేవారు కాదు.

*

మురికి చూసి అది ఏ పేట సెట్టో చెప్పేసేవారు. సత్యనారాయణపురం వైపు నుంచి వస్తే డయల్ అంచుల్లో, నాబుల గీతల్లో నల్లటి మసి. అప్పుడు ఆ పేట నడిమధ్య నుంచి రైలు పట్టాలు ఉండేవి, ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డున్న చోటే. బొగ్గింజను పోయినప్పుడల్లా కిటికీ తలుపులు వేసుకోవడం ఆ ఇళ్ళలో అలవాటు. ఇబ్రహీంపట్నం నుంచి వచ్చినవాటి మీద థర్మల్ స్టేషన్ బూడిద, పౌడరంత మెత్తన. చేతికి మెత్తగా ఉంటుందే గానీ అందులో ఇసుక జాతి గుండు రేణువులు ఉంటాయి. పొడిగుడ్డతో ఒత్తి తుడిస్తే ప్యానెల్ మీద సన్నటి వలయాలు పడిపోతాయి, అవి ఇక పోవు. అందుకే ఏ ఊరి సెట్టుకైనా మొదటి పని గుడ్డ కాదు, బ్రష్షు. మెత్తటి వెంట్రుకల పెయింటు బ్రష్షు ఒకటి దీనికే విడిగా ఉండేది. దాని రేకు పట్టీ ప్యానెల్‌కి తగిలి గీయకుండా చుట్టూ గుడ్డ టేపు చుట్టేవారు. సెట్టుని ముందుకి వంచి, దుమ్ము కిందికి రాలేలా పైనుంచి కిందికి దులపాలి.

గుంటూరు నుంచి వచ్చేవాటిలో మిరప ఘాటు ఉండేది. మిర్చి యార్డు దగ్గరి ఇళ్ళ సెట్టు వెనక అట్ట తీస్తే షాపులో అందరికీ తుమ్ములే. లంక పొగాకు చుట్ట కాల్చే ఇంటి సెట్టు సంగతి వేరు. ఆ పొగ జిగురుగా పట్టి, తెల్లటి అక్షరాలు తేనె రంగుకి, వెండి రంగు ప్యానెల్ ఇత్తడి రంగుకి తిరిగేవి. కొన్నవాళ్ళు కూడా అది బంగారు రంగు ప్యానెలే అనుకుంటూ ఏళ్ళు గడిపేసేవారు. మొదటి దూది పక్కనపెడితే కాఫీ డికాక్షన్‌లో ముంచినట్టు ఉండేది. ఆ జిడ్డు ఒక్కసారికి రాదు. గట్టిగా రుద్దితే జిడ్డుతో పాటు అక్షరాలూ వచ్చేస్తాయి. తడిపి, రెండు నిమిషాలు నాననిచ్చి, ఒత్తకుండా అద్దితే ఏడెనిమిది విడతల్లో దానంతట అదే దిగుతుంది.

*

"దూదిని చూడరా, ప్యానెల్‌ని చూడకు." కుర్రాళ్ళకి రోజులో పదిసార్లు వినపడే మాట ఇది.

ఇందులో అర్థం ఉంది. తడి మీద ఉన్నంతసేపూ ప్యానెల్ కొత్తదానిలా మెరుస్తుంది. అక్షరం లేచిపోతున్నా ఆ మెరుపులో తెలియదు. దూది దాయదు. పసుపూ గోధుమా దిగుతుంటే పొగ, జిడ్డు. పని సాగించవచ్చు. నల్లటి మెత్తటి మట్టి దిగితే మసి, అదీ ఫరవాలేదు. బూడిద రంగు మరక సీసం పెన్సిల్ గీసినట్టు మెరుస్తూ దిగిందంటే పైపూత పోయి ఒట్టి అల్యూమినియం చేతికి తగులుతోందని లెక్క. ఇక అక్షరాల రంగే, తెలుపో నలుపో, దూది మీద సన్నటి చారగా కనపడితే చెయ్యి అక్కడే ఆగిపోవాలి. ఇంకొక్క సారి అనకూడదు.

ఆయన ఆ దూది ఉండల్ని పారేయనిచ్చేవారు కాదు. బల్ల అంచున పాత పేపరు మీద వరసగా పేర్చాలి. మొదటిది, రెండోది, మూడోది. రంగు పల్చబడుతూ రావాలి. మధ్యలో వరస తప్పి వేరే రంగు వచ్చిందంటే ఏదో దెబ్బతింటోందన్నమాట.

*

చేయి పెట్టే ముందు ఆ మొహం దేనితో చేశారో తెలియాలి. తప్పులన్నీ దాదాపు ఇక్కడే జరిగేవి.

వాల్వు సెట్ల డయల్ గ్లాసు మీద ఊళ్ళ పేర్లు, అంకెలు గాజు ముందు వైపు ఉండవు, వెనక వైపు అచ్చువేసి ఉంటాయి. ముందు వైపు ఎంత తుడిచినా అక్షరం చెక్కుచెదరదు కాబట్టి ధైర్యం వచ్చేస్తుంది. అదే ధైర్యంతో గాజు విప్పి వెనక వైపు కూడా తడిగుడ్డ వేస్తారు. ముప్పై నలభై ఏళ్ళ నాటి ఆ రంగుకి గాజు మీద పట్టు ఏమీ మిగిలి ఉండదు. ఒక్క తుడుపుకి ఢిల్లీ, మద్రాసు, కొలంబో అన్నీ గుడ్డ మీదికి వచ్చేసి, చేతిలో ఒట్టి కిటికీ అద్దం మిగులుతుంది. అలా ఖాళీ అయిన గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డవాళ్ళ మొహాలు చాలానే చూశాం. దానికి మందు లేదు. అలాంటిదే ఇంకో సెట్టు పాత సామాన్ల కొట్లో దొరికేదాకా ఆగడమే. గాజు వెనక వైపు మెత్తటి పొడి బ్రష్షు ఒక్కటే, అదీ గాలి తగిలినంత తేలికగా. రంగు పొలుసులు లేస్తూ ఉంటే ఆ బ్రష్షు కూడా వద్దు. అమెరికా మెకింటాష్ యాంప్లిఫయర్ల గాజు ముఖాలకీ ఇదే మాట, అక్కడా అక్షరాలు వెనక వైపే.

బేకలైట్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌తో చేసిన సెట్టు గట్టిదే. పై పొర బాగున్నంత కాలం తడిగుడ్డ తట్టుకుంటుంది. పొర అరిగి మాట్ అయిపోయిన చోట ఆ ప్లాస్టిక్‌లో కలిపిన చెక్కపొట్టు నీళ్ళు తాగి ఉబ్బుతుంది, కాబట్టి నానబెట్టకూడదు.

తర్వాత్తర్వాత వచ్చిన ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లు, గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళు దుప్పట్లలో చుట్టి తెచ్చిన జపాన్ పయొనీర్లు, సాన్సుయ్‌లు, అకాయ్‌లు వేరే రకం. వాటి ముఖం అల్యూమినియం. దాని మీద సన్నటి అడ్డగీతలు తీసి, ఆనొడైజింగ్ చేసి, పైన అక్షరాలు అచ్చువేస్తారు. ఆనొడైజింగ్ అంటే అల్యూమినియాన్ని ఆమ్లంలో ముంచి కరెంటు పంపితే దాని మీద పెరిగే ఆక్సైడ్ పొర. ఇలాంటి ముఖాల మీద ఆ మందం మైక్రాన్ల లెక్క, మనిషి వెంట్రుకలో చిన్న భాగం. గీతలకి బాగా ఓర్చుకుంటుంది కానీ క్షారానికి ఓర్చుకోదు. చాకలి సోడా, కాస్టిక్, సున్నం, అమోనియా కలిసిన ఇత్తడి పాలిష్‌లు ఏవైనా దాన్ని తినేస్తాయి. వంటింటి అలవాటుతో బూడిదా చింతపండూ వాడినా అంతే. బూడిద క్షారం, పైగా గరుకు. చింతపండు పులుపు ఒట్టి అల్యూమినియం తేలిన చోట మచ్చలు చేస్తుంది. గిన్నెకి అది మెరుపు, ప్యానెల్‌కి గాయం.

కుంకుడు రసం ఆ బల్ల మీదికి వచ్చింది ఇందుకే. బట్టల సబ్బులా క్షారం కాదు, పట్టుచీరలు ఉతికినా రంగు పోనివ్వదు, జిడ్డుని మాత్రం లేపుతుంది. నాలుగు కాయలు, గింజ తీసేసి, గ్లాసు నీళ్ళలో రాత్రంతా. పొద్దున పిసికి పంచె గుడ్డలో రెండుసార్లు వడగట్టాలి, పిప్పి ఒక్క ముక్క మిగిలినా గీత పడుతుంది. ఆ రోజు రసం ఆ రోజే, మర్నాటికి పులిసిపోతుంది. దానికీ ఒక దోషం ఉంది. కడక్కుండా వదిలేస్తే లేత గోధుమ చాయ నిలుస్తుంది. అందుకని సెట్టు ముందుండే, పియానో మీటల్లాంటి తెల్లటి బటన్లకీ, దంతం రంగు నాబులకీ వాడేవారు కాదు. ఇప్పుడైతే ఇంత తంటా అక్కర్లేదు. కప్పు గోరువెచ్చని నీళ్ళకి, అంటే 200 మిల్లీలీటర్లకి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు. మూడోది వేస్తే నురగ కడగడానికే సరిపోతుంది. ఆఖరి తుడుపు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో. మన బోరు నీళ్ళు ఆరితే తెల్లటి చుక్కలు పడతాయి, నల్ల ప్యానెల్ మీద అవి చుక్కల ఆకాశంలా కనపడతాయి.

*

నాబులు తీయడం చూడటానికే బాగుండేది. స్క్రూడ్రైవరు పెట్టి లేపితే ప్యానెల్ మీద అర్ధచంద్రం లాంటి సొట్ట పడుతుంది. ఎక్కడ ఏ పాత సెట్టు చూసినా వాల్యూం నాబు కింద ఆ సొట్ట ఉంటుంది, ఎవరో తొందరపడ్డారని గుర్తు. గురువుగారు బూటు లేసు నాబు వెనక ఒక చుట్టు తిప్పి, రెండు కొసలూ కలిపి తిన్నగా తన వైపుకి లాగేవారు. చిన్న శబ్దంతో ఊడి అరచేతిలో పడేది. రాకపోతే బలం పెట్టకూడదు, పక్కన సన్నటి మర ఉందేమో వెతకాలి. జపాన్ వాటికి చాలావరకు 1.5 లేదా 2 మిల్లీమీటర్ల అలెన్ కీ సరిపోతుంది.

వాల్వు సెట్లలో ఆ మర రంధ్రం మైనంతో మూసి ఉండేది. అది అలంకారం కాదు. ఏసీ, డీసీ రెండిటి మీదా నడిచే సెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఛాసిస్, అంటే లోపలి రేకు చట్రం, నేరుగా మెయిన్స్ వైరుకి కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే ఛాసిస్ మొత్తం 230 వోల్టులు. నాబు ఇరుసుకి, ఇరుసు నుంచి మరకి కరెంటు వస్తుంది. మైనం ఊడిన మర మీద తడి వేలు పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకని షాపులో ప్లగ్గు పీకి, వైరు చుట్ట చుట్టి, సెట్టు మీదే కనపడేలా పెట్టాకే కప్పు బల్ల మీదికి వచ్చేది. పని అయ్యాక కొవ్వొత్తి చుక్క వేసి రంధ్రం మళ్ళీ మూసేవారు. ఇప్పుడు పాత సెట్లు కొనేవాళ్ళు ఈ మైనం సంగతి తెలియక గీకి పారేస్తున్నారు. దయచేసి అలా చేయకండి.

ఊడిన నాబుల్ని కప్పులో పది నిమిషాలు నానేసి, మెత్తబడిన పాత పళ్ళ బ్రష్షుతో గీతల్లో తోమడం చిన్న కుర్రాడి పని. నాబు మూతి మీద అల్యూమినియం బిళ్ళ అతికించి ఉంటే నానబెట్టకూడదు, వేడి నీళ్ళు అసలే వద్దు. జిగురు వదిలేసి బిళ్ళ ఊడుతుంది. తోమాక ఫ్యాను కింద రాత్రంతా ఆరాలి. తడి నాబు తొడిగితే నీళ్ళు ఇరుసు వెంట వాల్యూం కంట్రోల్‌లోకి దిగి, మర్నాటి నుంచి తిప్పినప్పుడల్లా గరగర.

ప్యానెల్ తుడిచేటప్పుడు చెయ్యి అడ్డగీతల దారినే పోవాలి, ఎడమ నుంచి కుడికి. గుండ్రంగా తిప్పితే గీతలకి అడ్డంగా కొత్త గీతలు పడి వెలుతురులో మబ్బులా కనపడుతుంది. ద్రవం ఏదైనా దూది మీదే, ప్యానెల్ మీద చిలకరించకూడదు. మొదటి తుడుపు ఎప్పుడూ ఎవరికీ కనపడని చోట, పై మూత కింద దాగే అంచు మీద. తర్వాత ఎవరూ చదవని ఒక చిన్న అక్షరం మీద. వాల్యూం నాబు చుట్టూ ఉన్న అంకెల జోలికి అన్నిటికన్నా చివర వెళ్ళాలి. ఏళ్ళ తరబడి వేళ్ళు తగిలి అక్కడి రంగు సగం అరిగే ఉంటుంది.

*

షాపు అటక మీద సీటీసీ సీసా కూడా ఉండేది, కార్బన్ టెట్రాక్లోరైడ్. కాంటాక్టులు కడగడానికి అప్పట్లో ప్రతి మెకానిక్ దగ్గరా అదే. జిడ్డు దాని ముందు నిలిచేది కాదు. తీయటి వాసన, పీల్చుకుంటూ పనిచేసేవారు. అది కాలేయాన్ని తినేస్తుందని చాలామందికి తెలియదు. ఓజోన్ పొరకి చేటని ఒప్పందం కుదిరి మన దేశంలో 2010 నాటికి ఇలాంటి వాడకం ఆగింది. దానితో ప్యానెల్ తుడిచి, పక్కనున్న ప్లాస్టిక్ డయల్ కిటికీ మసకబారించుకున్నవాళ్ళు ఉన్నారు. ఇప్పుడు దాని బదులు వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనూ ఆ జాగ్రత్త ఉండాల్సిందే. అల్యూమినియాన్ని అదేమీ చేయదు. అక్రిలిక్ కిటికీకి తగిలితే లోపల వెంట్రుకల్లా చీలికలు పాకుతాయి, కొన్నిసార్లు ఆ రోజు కాదు, వారానికి. థిన్నర్, అసిటోన్ ఇంటికే తేవద్దు. అద్దాలు తుడిచే నీలం ద్రవాల్లో అమోనియా ఉంటే అవీ కిటికీకి పడవు. ఈమధ్య దొరికే తెల్లటి మెలమైన్ స్పాంజి పట్టుకుంటే మెత్తన, కానీ అది చేసే పని ఎమెరీ కాయితం పనే, అక్షరాలు మాయం చేస్తుంది. స్టిక్కర్ జిగురుకి మాత్రం వంటింట్లోనే మందుంది. కొబ్బరి నూనె రాసి రాత్రి వదిలేసి, పొద్దున వేలిగోటికి గుడ్డ చుట్టి తోస్తే వస్తుంది, తర్వాత సబ్బు నీళ్ళు.

పోయిన అక్షరాల్ని కూడా ఓపికగా తెచ్చేవారు. చెక్కిన అక్షరమైతే పిల్లల మైనం క్రేయాన్ రుద్ది, అట్ట ముక్క అంచుతో పైపైన గీసేస్తే గాడిలో రంగు నిలుస్తుంది. అచ్చు అక్షరమైతే స్టేషనరీ షాపులో లెట్రాసెట్ షీటు కొని, ఒక్కొక్క అక్షరం పెన్సిల్‌తో రుద్ది దింపడమే.

*

దసరా వెళ్ళాక వారం రోజులు ఇదే పని. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారికి ఉత్సవాలు, కింద ఊరంతా ఆయుధపూజలు. షాపుల్లో, సినిమా హాళ్ళ క్యాబిన్లలో, మైకుసెట్ల వాళ్ళ దగ్గర అహూజా యాంప్లిఫయర్లకీ గంధం, పసుపు, కుంకుమ బొట్లు. భక్తిగా తడి వేలితో పెట్టినవే. కుంకుమ పసుపులో సున్నం కలిపి చేసిందైతే అది క్షారం, తడితో పెట్టి వదిలేస్తే ఆనొడైజింగ్ మీద బొట్టు ఆకారంలోనే మచ్చ కూర్చుంటుంది. రంగు కలిపిన కుంకుమ అయితే ఎర్రదనం పొరలో ఇంకుతుంది.

దీన్ని కూడా మొదట తడపకూడదు. తడిపితే బొట్టు చారై పాకుతుంది. ఎండిన పొడిని బ్రష్షుతో దులిపి, మిగిలిన దాన్ని పొడి దూదితో అద్ది ఎత్తి, అప్పుడు సబ్బు నీళ్ళు. పసుపు మరక నీళ్ళకి కరగదు, ఆల్కహాల్‌కి కరుగుతుంది, లేదంటే నాలుగు రోజులు పొద్దుటి ఎండ తగిలితే దానంతటదే వెలిసిపోతుంది. బొట్టు వద్దని గురువుగారు ఎవరితోనూ అనలేదు. "అమ్మా, వచ్చే ఏడాది ప్యానెల్ మీద కాకుండా పక్క చెక్క మీద పెట్టండి" అని మాత్రం చెప్పి పంపేవారు.

*

సూది మీటర్లున్న యాంప్లిఫయర్ తుడిచాక ఒక్కోసారి సూది మధ్యలో అతుక్కుని కదిలేది కాదు. మీటరు పాడైందని కంగారు పడేవారు. పొడిగుడ్డతో రుద్దినందుకు ప్లాస్టిక్ కిటికీలో పుట్టిన స్టాటిక్ అది, సూదిని పట్టుకుని ఉంటుంది. నోటితో ఒకసారి ఆవిరి ఊదితే సూది వదులై సున్నా మీదికి జారుతుంది. మళ్ళీ రాకుండా సబ్బు నీళ్ళు చాలా పల్చగా అద్ది, తుడవకుండా ఆరనివ్వాలి.

*

సెట్టు తయారయ్యాక స్విచ్చి వేసి, వాల్వులు వేడెక్కేదాకా అర నిమిషం అందరూ మాట్లాడకుండా నిలబడేవారు. పచ్చటి వెలుగు డయల్ గ్లాసు వెనక పాకి, ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే తేలేవి. ముల్లు 8, అంటే 800, దాటించి, 9 రాకముందే ఆపితే విజయవాడ కేంద్రం. 837 కిలోహెర్ట్జ్, మీటర్ల డయల్ అయితే 358 దగ్గర. 1948 డిసెంబరు 1న మొదలైన దగ్గర్నుంచి మా వైపు ఇళ్ళలో రేడియో అంటే ఆ గొంతే. ఉషశ్రీ గారి ప్రవచనం వస్తుంటే షాపులో సోల్డరింగ్ ఐరన్ కూడా పక్కన పెట్టేసేవారు.

చాలా సెట్ల గ్లాసు మీద సరిగ్గా ఆ చోటే ఒక గుర్తు ఉండేది. కొందరు గోళ్ళరంగు చుక్క పెట్టేవారు, కొందరు టేపు ముక్క. తర్వాతి రోజుల్లో స్టికర్ బొట్టు. పటమట నుంచి వచ్చిన ఒక సెట్టు మీద మెరూన్ రంగు బొట్టు, అంచులు నల్లబడి, చుట్టూ జిగురు దుమ్ము పట్టి ఉంది. కుర్రాడు కొబ్బరి నూనె సీసా మూత తీశాడు. గురువుగారు చెయ్యి అడ్డం పెట్టి, అరుగు మీద కూర్చున్న సెట్టు తాలూకు అబ్బాయిని అడిగారు.

"ఇది ఎవరు పెట్టారు నాయనా?"

"మా నాయనమ్మండీ. అంకెలు ఆనవంటుంది. ముల్లు ఆ బొట్టు కిందికి వస్తే విజయవాడ అని ఆవిడ లెక్క."

దూది పుల్ల కొసన చుట్టి, కప్పులో ముంచి, పిండి, ఆ బొట్టు చుట్టూ ఉన్న జిగురు మట్టిని వెంట్రుక వాసి దగ్గరిదాకా తీసుకొచ్చారు. గ్లాసంతా మెరిసింది. బొట్టు ఎక్కడిది అక్కడే ఉంది, ముల్లు దాని కిందికి తెచ్చి, నాబు అలాగే వదిలి, సెట్టుకి గుడ్డ కప్పారు.